బ్యాండ్ పోటీ వారం గురించి చెల్లెలికి

చి.ల.సౌ. చెల్లెలికి అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

బాబుకు వచ్చే వారం మంగళవారం బయాలజీ పరీక్ష, శుక్రవారం రాత్రి బడి బ్యాండు వాయించే ఫుట్‌బాల్ మ్యాచ్, శనివారం రీజియన్ (మీ ప్రాంతపు బడులన్నీ కలిసే) మార్చింగ్ బ్యాండు పోటీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయనీ, అదే శనివారం సాయంత్రం మీ ఊరి తెలుగువాళ్ల బతుకమ్మ కూడా ఉందనీ, దేన్ని వదులుకోవాలో తోచడం లేదనీ నువ్వు అన్నప్పుడు ఫోనులో నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నాను. తర్వాత మనసు ఒప్పలేదు. నా పిల్లలిద్దరూ ఈ టెక్సాస్‌లోనే బ్యాండులో నడిచి పెద్దవాళ్లయ్యారు. ఎనిమిదేళ్లు ఆ బ్యాండు పిల్లలందరి యూనిఫారాలు సర్దాను, నీళ్ల బండి తోశాను. మీరు హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదే కనుక, ఇవన్నీ నీకు వివరంగా రాయవలసింది నేనే.

ముందుగా బాబు మైదానంలో చేసే పని ఏమిటో తెలుసుకో. ఆ ఫుట్‌బాల్ మైదానం మీద ప్రతి ఐదు గజాలకూ ఒక తెల్లగీత ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య దూరాన్ని ఎనిమిది అడుగుల్లో దాటాలి, అంటే ఒక్కొక్క అడుగు 22.5 అంగుళాలు, తగ్గకూడదు, పెరగకూడదు. పాటలో ఫలానా చోటికి వచ్చేసరికి ‘45 గీతకు రెండడుగులు బయటికి, ముందు హ్యాష్‌కు నాలుగడుగులు వెనక్కి’ అని వాడి స్థానం ముందే రాసి ఇస్తారు (హ్యాష్ అంటే మైదానం పొడవునా వరుసగా ఉండే చిన్న గుర్తులు). పిల్లలు దాన్ని డాట్ అంటారు. ఏడెనిమిది నిమిషాల షోలో అలాంటి డాట్లు డజన్ల కొద్దీ ఉంటాయి. వాటిని కంఠస్థం చేసి, క్లారినెట్ వాయిస్తూ, కళ్లు డ్రమ్ మేజర్ (ఎదురుగా నిలబడి తాళం చూపే విద్యార్థి) చేతుల మీద నిలిపి, కాళ్లు ఎటు పోతున్నా నడుము పైభాగం ప్రేక్షకుల వైపే ఉంచి నడవాలి. ఫుట్‌బాల్ జట్టులో ఒకడు రాకపోతే బెంచీ మీద కూర్చున్నవాడు లేచి వస్తాడు. ఇక్కడ కొన్ని పెద్ద బ్యాండుల్లో అదనంగా కొందరిని సిద్ధంగా ఉంచినా, మూడు రోజుల ముందు చెబితే వాళ్లకు మాత్రం ఇన్ని డాట్లు ఎలా వస్తాయి? బాబు లేకపోతే వాడి చోటు ఖాళీగానే ఉంటుంది. ఆ వారంలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ మాట నుంచే లెక్క మొదలుపెట్టు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నదే. మా పెద్దది తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక శనివారం పోటీ మాన్పించి బతుకమ్మకు తీసుకువెళ్లాను. నూటయాభై మంది పిల్లల్లో ఒకతె లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆదివారం పోటీ వీడియో వచ్చింది. పై నుంచి తీసిన ఆ వీడియోలో క్లారినెట్ పిల్లలు విల్లులా వంగిన చోట మధ్యలో ఒక పన్ను ఊడినట్టు సందు కనిపించింది, దానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు పిల్లలు ఎంత ఎడం ఉంచాలో తెలియక చెరో రకంగా నిలబడ్డారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆ చోటికి రాగానే ఆపి, వెనక్కి తిప్పి, మూడుసార్లు చూసి గదిలోకి వెళ్లిపోయింది. బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ, శనివారం కాకపోతే మరో రోజు మీ పెరట్లోనే పూలు పేర్చి ఆడుకోవచ్చు, మీ వీధిలో మనవాళ్లు నలుగురు రాకపోరు. నిజంగా తప్పించుకోలేని పెళ్లో, ప్రయాణమో ఉంటే సీజను మొదట్లో కేలండర్ చేతికివ్వగానే డైరెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి, పోటీ వారంలో కాదు.

ఇక చదువు. 1984లో ఈ రాష్ట్రం చేసిన చట్టాన్ని అందరూ ‘నో పాస్, నో ప్లే’ అంటారు. గ్రేడ్ల కాలం ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో పాల్గొననివ్వరు, కొన్ని పై స్థాయి కోర్సులకు తప్ప. అందుచేత మంగళవారం పరీక్షకు సోమవారం రాత్రి పదకొండింటికి పుస్తకం తీయడం కాక, ఈ ఆదివారమే కూర్చోబెట్టు. ఆ వారం శనివారపు ట్యూషన్‌ను మరిది గారు ఏమన్నా మానిపించు. తర్వాతి వారం రెండు క్లాసులు వెళితే సరిపోతుంది.

ఇంట్లో అదనంగా సాధన చేయించాలని నీకు తోస్తుంది, నాకూ తోచింది. వద్దు. రాష్ట్రంలో బడుల పోటీలు నడిపే యూఐఎల్ అనే సంస్థ నియమం ప్రకారం బడి వేళలు కాక వారానికి ఎనిమిది గంటలకు మించి బ్యాండు రిహార్సల్ ఉండకూడదు. పిల్లల ఒళ్లు ఎంత ఓర్చుకోగలదో చూసి పెట్టిన హద్దుగానే నేను దాన్ని తీసుకున్నాను. మ్యాచ్ రాత్రులూ, బస్సు ప్రయాణాలూ ఆ లెక్కలోకి రావు కనుక అసలు అలసట అంతకంటే ఎక్కువే. శుక్రవారం మ్యాచ్ అయి, వాయిద్యాలు లారీలోంచి దింపి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. కాబట్టి బుధ, గురువారాల్లో తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టు. అడుగు కొలత కుదరడం లేదని వాడు బెంగపడితే మాత్రం గ్యారేజీ నేల మీద 22.5 అంగుళాలకొకటి చొప్పున ఎనిమిది టేపు ముక్కలు అంటించు, పది నిమిషాలు అటూ ఇటూ నడిస్తే కాళ్లకే తెలుస్తుంది.

తిండి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పులిహోర చేసి ఇస్తాం, వాడు చేత్తో తింటాడు, ఆ పసుపు నూనె తెల్ల గ్లౌజులకు అంటుతుంది. పసుపు మరక ఎంత ఉతికినా పూర్తిగా పోదు. యూనిఫారం వేసుకోక ముందే, చెంచాతో, పెరుగన్నం గానీ ఇడ్లీ గానీ తిననివ్వు. తీపి తిన్నా, సోడా తాగినా నోరు పుక్కిలించి గానీ క్లారినెట్ ముట్టకూడదు. ఆ చక్కెర రీడుకూ (ఊదితే అదిరే పలుచని రెల్లు ముక్క), మీటల కింది మెత్తలకూ పట్టి అంటుకుంటుంది. రీడులు మూడైనా పెట్టెలో ఉండాలి, ఒకటి చివర చిట్లితే ఇంకొకటి అప్పటికే వాయించి అలవాటైనదై ఉండాలి. ఇంట్లో ఉన్న చెక్క క్లారినెట్ మైదానానికి పంపవద్దు, ఎండకూ చలికీ చెక్క పగులుతుంది. బయటికి ప్లాస్టిక్‌దే మేలు.

నీళ్ల సీసా పెద్దది ఇచ్చి, పొద్దున్నుంచే తాగుతూ ఉండమను. అక్టోబరులో కూడా ఇక్కడ మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది. అటెన్షన్‌లో నిలబడినప్పుడు మోకాళ్లు బిగబట్టవద్దని మరీ మరీ చెప్పు. ఖాళీ కడుపుతో అలా నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లలను నేను నా చేతులతో లేవనెత్తాను.

శుక్రవారం పొద్దున బడికి వెళ్లే ముందే నల్ల సాక్సులు రెండు జతలు, బ్యాండు బూట్లు, గ్లౌజులు, లోపల వేసుకునే బనియను ఒక సంచీలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. సాక్సులు మోకాలి దాకా ఉండాలి, పొట్టివి అయితే అడుగు వేసినప్పుడు కాలి చర్మం కనిపిస్తుంది. టోపీ మీది ఈకల కుచ్చును వాలంటీర్లే చివరి క్షణంలో గుచ్చుతారు, దాన్ని పిల్లలు తాకకూడదు. నువ్వు కూడా వాలంటీరుగా ఫారం నింపు, చేతికి పనుంటే నీ కంగారు తగ్గుతుంది.

స్టేడియంలో ముందు వరుసలో కూర్చోవద్దు. 50 గజాల గీత ఎదురుగా, ఎంత పైకి వీలైతే అంత పైకి ఎక్కండి. ఆ ఆకారాలన్నీ అక్కడి నుంచి చూడడానికే గీస్తారు. కింద నుంచి చూస్తే వట్టి గుంపులా ఉంటుంది. పేరు పెట్టి పిలవవద్దని, షో నడుస్తుండగా చెయ్యి ఊపవద్దని అత్తయ్యగారికి ముందే చెప్పు. రీజియన్‌లో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకటి నుంచి ఐదు వరకు రేటింగ్ ఇస్తారు, ఒకటి అన్నిటికంటే మంచిది. మొదటిసారి విన్న మా ఆయన తక్కువ వచ్చిందని దిగులుపడ్డారు. ఏ రేటింగ్ వచ్చినా ఆ రాత్రి కారులో దాని గురించి అడగవద్దు, తినడానికి ఏదైనా వేడిగా చేతికివ్వు. ఆదివారం వాడంతట వాడు లేచేదాకా లేపకు.

నల్ల సాక్సులు ఇక్కడ నా దగ్గర కొత్తవి నాలుగు జతలు ఉన్నాయి, సోమవారం పోస్టులో వేస్తాను. బాబు గ్లౌజుల సైజు రాత్రికి మెసేజ్ పెట్టు, అవీ అందులోనే పంపుతాను.

ఇట్లు,
మీ అక్క