"నవ్వించడానికే అన్నాడండి" అన్న ఓ తండ్రి గారికి

పాలకొల్లు దగ్గర్నుంచి ఒక తండ్రి గారు పెద్ద మెసేజ్ పెట్టారు, సగం టైపింగ్, సగం వాయిస్ నోట్లు. రొయ్యల చెరువులు చేస్తారట. అబ్బాయి జర్నలిజం డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో స్పోర్ట్స్ లైవ్‌లు చేసే ఓ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి చేరాడు, తెలుగు కామెంటరీ వాళ్ళకి స్టాట్స్ అందించే పని. ఓ క్రికెట్ మ్యాచ్‌లో బ్రేక్ అప్పుడు హెడ్‌సెట్‌లో యాంకర్ అమ్మాయి గురించి "మేకప్ అయిపోతే ఆవిడకి ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏంటో ఎవరైనా చెప్పండ్రా" అన్నాడు, నలుగురు నవ్వేసరికి ఊపొచ్చి ఆవిడ డ్రెస్ మీద ఇంకో మాట వదిలాడు, అది నేనిక్కడ రాయను. లైన్ ఓపెన్‌లో ఉంది, ఆ అమ్మాయి చెవిలోనే పడింది. కంప్లైంట్ ఇచ్చింది. కమిటీ పిలిచేదాకా ఇంట్లో ఉండమని వీడిని పంపేశారు.

ఆయన అడిగేది ఏంటంటే, తెలిసిన లీడర్ చేత కంపెనీ వాళ్ళకి ఒక ఫోన్ చేయిస్తే సరిపోతుందా, ఆ అమ్మాయి వాళ్ళది తణుకు వైపే కాబట్టి మంగళవారం ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారితో రాజీ మాట్లాడుకోవచ్చా, కాదంటే ఈ లైన్ మాన్పించి గ్రూప్ టూ కోచింగ్‌లో వేసేయమంటారా. ఆఖర్న "నవ్వించడానికే అన్నాడండి, మనసులో ఏం లేదు, ఆయ్" అన్నారు.

సార్, ముందు మంగళవారం సంగతి. వెళ్ళకండి. కారు మాట్లాడేశానన్నారు, ఈరోజే వద్దని చెప్పేయండి. మన వైపు గట్టు తగాదా అయినా చెరువు నీళ్ళ గొడవ అయినా పెద్దమనుషులు కూర్చుని తేల్చేయడం అలవాటే, నేను కాదనను, కానీ ఇది ఆ లెక్కలోది కాదు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టంలో రాజీకి దారి ఉంది, కాకపోతే అది కంప్లైంట్ ఇచ్చిన ఆవిడ తనంతట తాను అడిగితేనే, అదీ కమిటీ ద్వారానే, అందులో డబ్బు లావాదేవీ ఉండకూడదని కూడా రాసే ఉంది. మీరు నలుగురితో వాళ్ళ గుమ్మం ముందు దిగారనుకోండి, మీ దృష్టిలో అది మర్యాద, వాళ్ళకి మాత్రం బెదిరింపులాగే కనపడుద్ది, రేపు కమిటీ ముందు కూడా అలాగే రాస్తారు. పైగా ఆ అమ్మాయి ఇంట్లో ఈ సంగతి చెప్పిందో లేదో మనకేం తెలుసు? వాళ్ళ నాన్న "ఈ ఉద్యోగం నీకొద్దమ్మా" అని ఆ పిల్లని ఇంటికి తెచ్చేస్తే మీవాడి నోటికి ఆ పిల్ల ఉద్యోగం పోయినట్టు. లీడర్ ఫోన్ కూడా అంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

ఇంక కమిటీ అంటే మరీ పోలీస్ స్టేషన్ అన్నట్టు భయపడుతున్నారు. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళే హెడ్, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయట నుంచి ఒకరు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కంప్లైంట్ కాపీ మీవాడికి ఇస్తారు, జవాబు రాసుకునే టైమ్ ఇస్తారు, లాయర్‌ని మాత్రం లోపలికి రానివ్వరు. ఇంకోటి, ఆ అమ్మాయి పేరు ఎలా బయటపెట్టకూడదో మీవాడి పేరు కూడా అలాగే బయటపెట్టకూడదు, చట్టంలో ఉంది. కాబట్టి పరువు గురించి మీరు ఇంతగా బెంగ పెట్టుకోనక్కర్లేదు, మీ ఫ్యామిలీ గ్రూప్‌లో మీరే పెట్టుకోకుండా ఉంటే చాలు.

రాసే జవాబులో నిజం రాయాలి. అన్నాను, ఈ మాటలు అన్నాను, తప్పు, అంతే. "అందరూ నవ్వారు" అనేది అందులో ఉండకూడదు. ఎల్‌బీడబ్ల్యూ మాట ఒక్కటే అయితే కంపెనీ రూల్స్ కింద వార్నింగ్‌తో పోయేదేమో గానీ డ్రెస్ మీద అన్న మాట నేరుగా ఆ చట్టంలో చెప్పిన "లైంగిక అర్థం ఉన్న వ్యాఖ్యల" కిందకి వచ్చేస్తుంది, ఇంటర్న్ కదా అని తప్పించుకునే వీలు లేదు. సారీ చెప్పాలనుంటే కమిటీ ద్వారా చెప్పాలి. ఆ అమ్మాయికి వాట్సాప్ చేయడం, కామన్ ఫ్రెండ్‌తో కబురు పెట్టడం, ఇన్‌స్టాలో బాధగా స్టేటస్ పెట్టడం, ఇవేవీ వద్దు. ఫోన్‌లో పాత చాట్‌లు డిలీట్ చేయొద్దని కూడా చెప్పండి, కుర్రాళ్ళు భయంతో చేసే మొదటి పని అదే.

ఇప్పుడు "మనసులో ఏం లేదు" అన్నారు చూడండి, దాని దగ్గర కాసేపు ఆగాలి. నేను నమ్ముతాను, నిజంగానే ఏం లేకపోయి ఉండొచ్చు. మీవాడు సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లకి మైక్ పట్టుకునేవాడని, అక్కడే పేరొచ్చిందని మీరే రాశారు. ఆ మైకులు నేనూ విన్నాను. అమ్మాయిల మ్యాచ్ మొదలవగానే "గాజులు జాగ్రత్త తల్లీ" అంటాడు ఒకడు, గ్రౌండ్ అంతా నవ్వుద్ది, రైడ్‌కి వెళ్ళిన పిల్ల ముగ్గుర్ని తాకి వచ్చినా మైకులో వాడు పాయింట్లు చెప్పడు, జడ గురించి చెప్తాడు. నేనూ నవ్వినవాడినే, దాచుకోవడం దేనికి. 2003 క్రికెట్ వరల్డ్ కప్‌కి మందిరా బేడీ టీవీలో యాంకర్‌గా కూర్చుంటే మన ఇళ్ళల్లో జనం మాట్లాడుకుంది ఆవిడ అడిగిన ప్రశ్నల గురించా, జాకెట్ల గురించా? మీవాడికి ఆ జోకు ఎవరో కొత్తగా నేర్పలేదండి, మనం నవ్వి నవ్వి నేర్పాం. ఊళ్ళో చప్పట్లు కొట్టించిన మాటే హైదరాబాద్‌లో ఉద్యోగం మీదకి తెచ్చింది, వాడికి ఆ తేడా ఎవరూ ముందుగా చెప్పలేదు, అది మాత్రం పాపం నిజమే.

ఇది ఈ ఒక్క కంపెనీ చాదస్తం అనుకోకండి. 2011 జనవరిలో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. స్కై స్పోర్ట్స్ టీవీలో రిచర్డ్ కీస్, ఆండీ గ్రే అని ఇద్దరు, ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ అంటే వాళ్ళే. వుల్వ్స్, లివర్‌పూల్ మ్యాచ్‌కి సియాన్ మాసీ అనే అమ్మాయి అసిస్టెంట్ రిఫరీగా వస్తే, మైక్ ఆఫ్‌లో ఉందనుకుని, ఆడవాళ్ళకి ఆఫ్‌సైడ్ రూల్ ఏం తెలుసు అని మాట్లాడుకున్నారు. ఆ మ్యాచ్‌లోనే ఆఫ్‌సైడా కాదా అన్న గోల్ ఒకటి పడింది, ఆ అమ్మాయి జెండా ఎత్తలేదు, అంటే గోల్ చెల్లుతుందని, రీప్లేలో చూస్తే ఆ పిల్లే కరెక్ట్! రికార్డింగ్ బయటికొచ్చింది, వెనకే గ్రే తన పక్కన కూర్చున్న యాంకర్‌తో వెకిలిగా మాట్లాడిన ఇంకో క్లిప్ వచ్చింది, గ్రే ఉద్యోగం పోయింది, మర్నాడు కీస్ రాజీనామా. మొన్న 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా అమ్మాయిలు రిలే స్విమ్మింగ్‌లో గోల్డ్ కొట్టి నిలబడితే యూరోస్పోర్ట్‌లో బాబ్ బల్లార్డ్ అనే సీనియర్ వాళ్ళ మేకప్ మీద జోకేశాడు, పక్కనే ఉన్న లిజ్జీ సిమండ్స్ అక్కడికక్కడే తప్పు పట్టింది, యాజమాన్యం ఆయన్ని కామెంటరీ నుంచి తీసేసింది. చూశారా, అక్కడా మేకప్పే. కొత్త జోకు కూడా దొరకదు వీళ్ళకి.

కీస్, గ్రే తర్వాత దోహా వెళ్ళి మళ్ళీ టీవీలో కూర్చున్నారు కదా అని మీవాడు అనొచ్చు. అన్నా అనొచ్చు, ఈ కాలం పిల్లలు ఫోన్‌లో అన్నీ చూస్తారు. వాళ్ళ వెనక ఇరవై ఏళ్ళ పేరుంది సార్. మీవాడి వెనక నాలుగు నెలల ఇంటర్న్‌షిప్ ఉంది.

కెరీర్ అయిపోయిందా అంటే, లేదు. ఈ ఇంటర్న్‌షిప్ పోవచ్చు, సర్టిఫికెట్ ఇవ్వకపోవచ్చు, దాని కోసం పోట్లాడొద్దు. రెజ్యూమెలో ఆ నెలల్ని ఇంకో పేరుతో నింపొద్దు, ఈ ఫీల్డ్ చాలా చిన్నది, కెమెరా వాళ్ళూ గ్రాఫిక్స్ వాళ్ళూ ఒక టోర్నమెంట్ నుంచి ఇంకో టోర్నమెంట్‌కి అటూ ఇటూ తిరిగేవాళ్ళే, అందరికీ అందరూ తెలుసు. తర్వాతి ఇంటర్వ్యూలో అడిగితే ఎవరి పేరూ ఎత్తకుండా, తప్పుగా మాట్లాడాను, విచారణకి హాజరయ్యాను, ఫలితం ఒప్పుకున్నాను అని మూడు ముక్కల్లో చెప్పి ఆగిపోవాలి. అలా చెప్పిన కుర్రాడిని తీసుకునేవాళ్ళు ఉంటారు. దాచిపెట్టి దొరికినవాడిని తీసుకోవడం కష్టం.

మరి ఈ ఖాళీలో ఏం చేయాలి అంటారా, ఆడవాళ్ళ క్రికెట్ చూడమనండి. ఊరికే కాదు, నోట్‌బుక్ పెట్టుకుని. స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ 2018లో వచ్చింది, విమెన్స్ ప్రీమియర్ లీగ్ 2023లో మొదలైంది, 2025 నవంబర్‌లో మన అమ్మాయిలు వరల్డ్ కప్ కొట్టారు, ఆ టీమ్‌లో కడప నుంచి శ్రీచరణి ఉంది. అంటే ఇకముందు తెలుగులో అమ్మాయిల మ్యాచ్‌ల గురించి గంటల తరబడి మాట్లాడగలిగినవాడికి పని ఉంటుంది. శ్రీచరణి ఎడమచేతి స్పిన్ ఎక్కడ పడుతోంది, ఏ బ్యాటర్‌కి ఎందుకు ఫీల్డ్ మార్చారు, ఇవి రెండు నిమిషాలు ఆగకుండా చెప్పగలడా మీవాడు? చెప్పలేక జోకేసేవాడు స్టాట్స్ పనికి కూడా సగమే పనికొస్తాడు. ఎల్‌బీడబ్ల్యూ రూల్ కూడా ఓసారి మీకు వివరించమనండి, బాల్ లెగ్ స్టంప్ బయట పిచ్ అయితే ఏంటి, ఆఫ్ స్టంప్ బయట ప్యాడ్‌కి తగిలినప్పుడు షాట్ ఆడితే ఏంటి, ఆడకపోతే ఏంటి, మొత్తం. తడబడతాడని నా అనుమానం.

గ్రూప్ టూ గురించి, వాడికి ఇష్టం ఉంటే రాయమనండి, తప్పించుకోవడానికైతే వద్దు. ఆ ఆఫీసుల్లోనూ పక్క సీట్లో, పై సీట్లో ఆడవాళ్ళే ఉంటారు, ఈ చట్టం అక్కడా ఉంటుంది.

ఈసారి నాకు మీరు ఫోన్ చేయకండి సార్, అబ్బాయిని చేయమనండి. కమిటీకి రాసిన జవాబు ముందు పెట్టుకుని చేయమనండి, పంపేలోపు ఒకసారి చదివి వినిపిస్తే చాలు, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను.