ఎర్ర గౌను సంగతి తర్వాత, ముందు కెమెరా

అమ్మాయీ,

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఆడిన 'లా ట్రావియాటా' వీడియో మీద నీ వ్యాసం అందింది. అదే, వెర్దీ సంగీతం కట్టిన ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం. మూడో పేరా దగ్గర ఆగి కాగితాలు పక్కన పడేశాను. "కథానాయిక వియొలెట్టాకు పొట్టి ఎర్ర గౌను తొడగడం వెర్దీకి జరిగిన అవమానం" అని రాశావు చూడు, అక్కడ.

అవమానం జరిగింది 1853లో, వెనిస్‌లో. 'లా ట్రావియాటా'ను తన కాలపు బట్టల్లోనే ఆడించాలని వెర్దీ పట్టుబట్టాడు. అక్కడి లా ఫెనీచే థియేటర్‌లో ఒప్పుకోలేదు, కథను 1700 ప్రాంతానికి నెట్టేశారు. డబ్బున్న మగవాళ్లు ఉంచుకున్న వియొలెట్టా కథ, హాల్లో కూర్చున్న పెద్దమనుషులకు గుచ్చుకోవాలని ఆయన రాస్తే, అది తాతల నాటి ముచ్చటైపోయింది. 2005లో సాల్జ్‌బర్గ్‌లో దర్శకుడు విల్లీ డెక్కర్ ఇప్పటి బట్టల్లో ఆడించి ఆ ముల్లును మళ్లీ బయటికి తీశాడు. సంప్రదాయం అనే ముందు ఎవరు పెట్టిన సంప్రదాయమో కనుక్కోవద్దూ?

నా అసలు కోపం గౌను గురించి కాదు. నీ వ్యాసంలో సగానికి పైగా కథే ఉంది. ఆ కథ ఎక్కడైనా దొరుకుతుంది. ఈ జబ్బు అంటించింది మా కాలపు పత్రికలేలే. కుర్రతనంలో వీడియో క్యాసెట్లు అరువు తెచ్చుకుని, ఇంట్లో అందరూ పడుకున్నాక చూసి, జర్మనీలోని బైరాయిట్‌లో ఆడిన వాగ్నర్ ఒపెరా 'రింగ్' (ఉంగరం) గురించి ఓ వారపత్రికకు రాశాను. ముప్ఫై ఒక్కేళ్ల దర్శకుడు పాత్రీస్ షెరో 1976లో రైన్ నది ఉండాల్సిన చోట జలవిద్యుత్ డ్యామ్ కట్టించాడని, జనం ఈలలేసి గోల చేశారని, అదే ప్రదర్శనకు 1980లో ఆఖరి రోజున గంటకు పైగా చప్పట్లు కొట్టారని రాశాను. ఎడిటర్‌గారు డ్యామ్‌ను, గోలను, చప్పట్లను కొట్టేసి ఉంగరం కథ ఒక్కటే అచ్చేశారు. "మన పాఠకులకు కథ చాలండీ" అన్నారు. ఇప్పటివాళ్లు కథ కింద ఓ రేటింగ్ కూడా తగిలిస్తున్నారు, అదొక్కటే తేడా.

నువ్వు సాల్జ్‌బర్గ్‌లో టికెట్ కొని చూడలేదు, వీడియో చూశావు. దానికి ఇంకో దర్శకుడున్నాడు, బ్రయన్ లార్జ్. షెరో రింగ్‌ను టీవీకి తీసిందీ ఆయనే. అంత గోల రేపిన ప్రదర్శనను ప్రేక్షకులు లేని హాల్లో చిత్రీకరించారు. ఆయన పేరు నీ వ్యాసంలో ఒక్కచోటా లేదు.

"స్టేజి ఇరుగ్గా ఉంది" అన్నావు. అమ్మా, ఆ హాలు స్టేజి ప్రపంచంలోని అతి వెడల్పైన వాటిలో ఒకటి! ఇరుకు ఫ్రేములో ఉంది. డెక్కర్ పెట్టింది వంపు తిరిగిన గోడ, పెద్ద గడియారం, సోఫాలు, దాదాపు అంతే. మిగతాదంతా ఖాళీ. ఆడవాళ్లతో సహా కోరస్ (గుంపుగా పాడేవాళ్లు) అంతా నల్లసూట్లలో మగవాళ్లలా మీదికి వస్తుంటే, ఆ ఖాళీలో వియొలెట్టా ఒక్కతే ఎర్రగా, చిన్నగా కనిపించాలి. క్లోజప్ పడిందంటే ఖాళీ మాయమై, వియొలెట్టాగా పాడిన అన్నా నెత్రెబ్కో ముఖం, ఊపిరి మిగులుతాయి. వెనక వరస వాళ్లకు దక్కనిది నీకు దక్కింది, వాళ్లకు దక్కింది నీకు పోయింది. ఆ లెక్క తేల్చకుండా డెక్కర్‌ను తిడితే ఎలా?

మొదటి నుంచీ ఓ పక్కన కూర్చుని చూస్తున్న ముసలాయనే చివర్లో డాక్టర్ అని పట్టుకున్నావు. బాగుంది. కానీ నువ్వు పట్టుకున్నావా, కెమెరా నీకు పట్టించిందా? హాల్లోవాళ్లు ఆయన్ని మరిచిపోవచ్చు, గుర్తుపెట్టుకోవచ్చు. నీ తరఫున గుర్తుపెట్టుకునే పని ఎడిటింగ్ గదిలో ఎవరో చేసేశారు. వ్యాసం అక్కడ మొదలుకావాలి, నువ్వేమో అక్కడ ముగించావు.

సంగీతం రాకుండా ఒపెరా మీద రాయొచ్చా అనీ, కలం పేరు ఏది పెట్టుకోవాలనీ అడిగావు. ముందు ఈ పని చెయ్యి. రెండో అంకంలో ప్రియుడు ఆల్ఫ్రెడో తండ్రి వచ్చి వియొలెట్టాను కొడుకును వదిలేయమని అడిగే ఘట్టం మళ్లీ పెట్టుకో. ఎవరు పాడుతున్నారో ఒకవైపు, ఆ క్షణాన కెమెరా ఎవరి మీద ఉందో ఇంకోవైపు రాసుకుంటూ పో. రెండూ కలవని చోట్ల గీత గీసి, ఆ కాగితం నాకు పంపు. కథ మాత్రం పంపకు.

ఆశీస్సులతో.