మోకాలి కీలు మార్పిడికి ముందు మందులు ఆపాలా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో (రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడి చేసే కీళ్లవాతం) బాధపడుతున్న నాకు త్వరలో మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరగనుంది. మందులు ఆపాలా? మణికట్లలోనూ నొప్పి ఉంది, వాకర్ పట్టుకోగలనా?

జవాబు: మీ అంతట మీరు ఏ మందూ ఆపవద్దు. ఈ జబ్బుకు ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ అనే మందును సాధారణంగా కొనసాగిస్తారు. రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడుతుంటే మాత్రం, ఇన్ఫెక్షన్ ముప్పు తగ్గించేందుకు, తర్వాతి డోసు వేసుకోకుండా, అది వేసుకోవలసిన సమయానికి శస్త్రచికిత్స జరిగేలా రుమటాలజిస్టు (కీళ్లవాత నిపుణుడు), సర్జన్ కలిసి తేదీ నిర్ణయిస్తారు. స్టెరాయిడ్లను హఠాత్తుగా మానడం ప్రమాదకరం. చేతుల సంగతి ముందే అడగడం ఎంతో మంచిదైంది. మణికట్టుపై భారం పడకుండా ముంజేతులు ఆనించి నడిచే వాకర్లు ఉన్నాయి కనుక, ఫిజియోథెరపిస్టును ఇప్పుడే కలిసి అలవాటు చేసుకోండి. నడక చాలావరకు అదే రోజో మర్నాడో మొదలవుతుంది. మోకాలి వాపు కొన్ని నెలలు ఉండవచ్చు, అంతమాత్రాన వ్యాయామం మానకండి. పిక్కలో కొత్తగా నొప్పి, గాయం నుంచి స్రావం, జ్వరం కనిపిస్తే మాత్రం వెంటనే సర్జన్‌ను సంప్రదించండి.