ప్రాగ్‌లో రెండు రోజులే ఉంటాం. పాత చర్చిలు, సినగాగ్‌లలో (యూదుల ప్రార్థనా మందిరాలు) ఏవి చూడాలి? టికెట్ పెట్టి లోపలికి వెళ్లడం అవసరమా?

శుక్రవారం రాత్రి దిగి ఆదివారం సాయంత్రం బయల్దేరతామని రాశారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. యూదుల పేట జోసెఫోవ్‌లోని సినగాగ్‌లు శనివారం మూసేస్తారు, వాళ్లకది విశ్రాంతి దినం. కోట మీద ఉన్న సెయింట్ వైటస్ కెథెడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, మనలాంటి వాళ్లను మధ్యాహ్నం నుంచే వదులుతారు. కాబట్టి శనివారం చర్చిలు, ఆదివారం పొద్దున్నే సినగాగ్‌లు. తిరగేశారో, రెండూ పోతాయి. మా బంధువులకు ఒక ప్యాకేజీ టూర్ వాళ్లు సరిగ్గా శనివారం నాడే 'యూదుల పేట దర్శనం' పెట్టారు. దర్శనమంటే తాళం వేసిన తలుపుల ముందు గ్రూప్ ఫొటో!

ఇక టికెట్ సంగతి. అన్నిటికీ అక్కర్లేదు గానీ పింకాస్ సినగాగ్‌కి మాత్రం కళ్లు మూసుకుని కొనండి.

మేం డ్రెస్డెన్‌లో ఉంటాం. అక్కణ్ణుంచి ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటలు, అందుకని ఇంటికి ఎవరొచ్చినా తీసుకెళ్తాం. నాన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయన వచ్చినప్పుడు టికెట్ ధర చూసి, రూపాయల్లోకి మార్చుకుని, "ఇంత పెట్టి గోడలు చూడాలా? మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా" అన్నారు. నిజానికి అక్కడ చూడాల్సింది గోడలే. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాల నుంచి నాజీలు తీసుకెళ్లి చంపేసిన యూదుల పేర్లు, దాదాపు 78,000, ఆ గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి. ఊళ్ల వారీగా, ఇంటిపేర్ల వారీగా. ఒక్కొక్కరి పేరు పక్కన పుట్టిన తేదీ, ఆ మనిషి గురించి తెలిసిన చివరి తేదీ.

ఎలాగో లోపలికి లాక్కెళ్లాను. అక్కడిచ్చిన కాగితం టోపీ నెత్తిన సర్దుకుని, దగ్గరి చూపు కళ్లజోడు పెట్టుకుని, దస్తావేజు పరిశీలించినట్టు గాల్లో వేలు ఆడిస్తూ చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి నన్ను పిలిచారు. "ఇటు చూడమ్మా. ఒకే ఇంటిపేరు మీద నలుగురున్నారు. పుట్టిన తేదీలు వేరు, చివరి తేదీ మాత్రం అందరికీ ఒకటే. రాసినవాడు పై తేదీనే కిందకి దింపేశాడంటావా?" తప్పు కాదు నాన్నా, ఆ రోజు ఇంటిల్లిపాదినీ ఒకే రైలెక్కించారు అన్నాను. ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పక్క ఇంటిపేరు చూశారు, ఆ తర్వాతది చూశారు. ఒకచోట 1938లో పుట్టిన పిల్ల పేరు కనిపిస్తే "మా పెద్దక్కయ్య ఈడుది" అన్నారు. పెద్దత్త ఇప్పటికీ మనవళ్ల మీద కేకలేస్తూనే ఉంది.

ఈ పేర్లు మనం చూసేది రెండోసారి రాసినవి. మొదట 1950ల్లో ఇద్దరు చిత్రకారులు రాశారు. 1968లో చెమ్మ పేరు చెప్పి సినగాగ్ మూసేశారు, కమ్యూనిస్టుల హయాంలో ఆ పేర్లు కాస్తా పోయాయి. ఆ ప్రభుత్వం పడిపోయాక 1992 నుంచి 1996 దాకా కూర్చుని అన్నీ మళ్లీ రాశారు. నాన్నకి ఆ ఊరి మీద గౌరవం కలిగింది దీనికే. "రికార్డు పోతే మళ్లీ కట్టారు, మా వాళ్లయితే ఫైలు దొరకలేదని రాసి పంపేవాళ్లు" అన్నారు. పై అంతస్తులో, నాజీలు యూదులను బంధించిన టెరెజిన్ క్యాంపులో పిల్లలు వేసిన బొమ్మలు ఉంటాయి. వాళ్లకు బొమ్మలు నేర్పిన ఫ్రిడెల్ డికర్-బ్రాండైస్‌ని 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. పిల్లలతో వెళ్తే ముందే కొంచెం చెప్పి తీసుకెళ్లండి.

నా కంప్లయింట్ గైడ్ల మీద. గొడుగు పైకెత్తి, యాభై మందిని వెంటేసుకొచ్చి, మట్టి మనిషి గోలెమ్ కథ అరగంట చెప్తారు. ఆ మట్టి మనిషికి ప్రాణం పోశాడని చెప్పే ప్రాగ్ యూదు మతగురువు రబ్బీ లోవ్ 1609లో పోయారు, ఆయనకీ ఈ కథకీ ముడిపెట్టింది 19వ శతాబ్దంలో. అయినా వీధి నిండా గోలెమ్ బొమ్మలే అమ్ముతారు. ఆ గుంపు పేర్ల దగ్గర మాత్రం రెండు నిమిషాలు ఆగదు. అందుకే తలుపు తీసే వేళకే అక్కడుండండి. బయటే పాత శ్మశానం. చోటు చాలక శవాల మీద శవాలు పొరలుగా పూడ్చారు, రాళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఓపికుంటే 13వ శతాబ్దపు ఓల్డ్-న్యూ సినగాగ్ కూడా చూడండి, అక్కడ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి.

చర్చిల్లో అందరూ చెప్పే కెథెడ్రల్‌కి సగం రోజు ఇవ్వకండి. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు, ఫొటోల్లో కనిపించే ముందు వైపంతా కొత్త కట్టడమే. ఆ టైమ్ రెస్లోవా వీధిలోని సిరిల్, మెథోడియస్ చర్చికి ఇవ్వండి. 1942లో నాజీ అధికారి హైడ్రిక్ మీద దాడి చేసిన చెకొస్లొవాక్ పారాట్రూపర్లు, వాళ్ల సహచరులు అక్కడే దాక్కున్నారు. నేలమాళిగలో ఉన్నవాళ్లను బయటికి రప్పించడానికి నాజీలు నీళ్లు కూడా పంపు చేశారు. ఏడుగురిలో ఒక్కరూ బతకలేదు. వాళ్లకు ఆశ్రయమిచ్చినందుకు బిషప్ గోరజ్ద్‌ని కూడా కాల్చి చంపారు. నేలమాళిగ కిటికీ చుట్టూ తూటాల గుంతలు అలాగే ఉన్నాయి, రోడ్డు మీద నిలబడే చూడొచ్చు, దానికి టికెట్ కూడా లేదు.