ఇంటి ముందు పెట్టే డిజైన్ బ్రాకెట్లు, స్తంభాలు నిజంగా బరువు మోస్తాయా?

కొత్త స్లాబు ఇంటికి అందం కోసం తర్వాత బిగించేవి మోయవు, పాత మిద్దె ఇళ్లలో ఉన్నవి మాత్రం నిజంగానే మోస్తాయి.

స్లాబు ఇంట్లో సన్‌షేడు, బాల్కనీ బరువంతా కాంక్రీటు, లోపలి కడ్డీల ద్వారా బీములకు, పిల్లర్లకు చేరుతుంది. కింద పెట్టిన బ్రాకెట్ తన బరువు తాను నిలుపుకుంటే చాలు. అయినా దాన్ని ఒట్టి ప్లాస్టరింగుకు అతికించకుండా గోడలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించాలి.

కడప, కర్నూలు పల్లెల్లోని మట్టి మిద్దెల సంగతి వేరు. అక్కడ కొయ్య స్తంభం తలమీద చెక్కిన అడ్డదిమ్మ దూలానికి ఇరువైపులా ఆసరా ఇస్తుంది. రెండు స్తంభాల మధ్య ఆధారం లేని దూరం తగ్గుతుంది కాబట్టి పైన దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచే సన్న కొయ్యలు), మట్టి ఎంత బరువున్నా దూలం తొందరగా వంగదు. ఒంటిమిట్ట కోదండరామాలయం మండపంలో రాతి స్తంభాల తలల పనీ ఇదే.

పువ్వులు, చిలకలు చెక్కి ఉన్నాయని మిద్దెల్లోని ఈ అడ్డదిమ్మలను ఉత్త అలంకారం అనుకుని రిపేర్లప్పుడు పీకేస్తుంటారు. దూలం కింద వేరే ఆసరా పెట్టకుండా వాటిని కదిలించకూడదు. అలాగే పగుళ్లొచ్చిన బాల్కనీకి డిజైన్ బ్రాకెట్ బలమివ్వదు, పగులును కనబడకుండా చేస్తుందంతే.