గోడలు మాట్లాడవమ్మాయ్

అమ్మాయ్,

కందుకూరి వారి ఇంటి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. బాగుంది. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం మూడో పేరా: ‘ఈ గోడలు ఇప్పటికీ మాట్లాడుతున్నాయి.’ గోడలు మాట్లాడవమ్మాయ్. సున్నం రాలుస్తాయి, అంతే.

వీరేశలింగం గారి డెబ్భై ఏళ్ల బతుకునీ రాజమండ్రి ఇంట్లోకి కుక్కేశావు. పైగా ‘రాజశేఖర చరిత్రము ఈ వసారాలోనే పుట్టింది’ అట. నవల తెరిచావా అసలు? మొదట్లోనే ధవళగిరి, దాని మీద గుడి, పక్కన గోదావరి. రాజశేఖరుడి కాపురం ధవళేశ్వరంలో. పంతులుగారు ఆ ఊరి బడిలో ప్రధానోపాధ్యాయుడిగా చేశారు, 1874లో ఆడపిల్లల బడి పెట్టిందీ అక్కడే. నవల 1878లో ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో విడతలుగా వచ్చి 1880లో పుస్తకమయ్యేసరికి ఆయన రాజమండ్రి మనిషి. ఉన్నది ఒక ఊళ్లో, రాసింది వదిలొచ్చిన ఊరి గురించి. నీ వ్యాసానికి అసలు సరుకు ఇది.

ముందు కాగితం మీద నాలుగు గళ్లు గీయి. ఏయే ఏళ్లు, ఇల్లు ఎవరిది, ఇంట్లో ఇంకెవరున్నారు, అక్కడ ఏం రాశారు. 1848 ఏప్రిల్ 16తో మొదలుపెట్టు. నాలుగేళ్లకే తండ్రి పోతే పెదతండ్రి పెంచిన పిల్లాడు. తర్వాత కోరంగి, ధవళేశ్వరం, రాజమండ్రి, 1899 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. ‘స్వీయచరిత్రము’ రెండు భాగాలూ పక్కన పెట్టుకో. ఖాళీ గడిని విశేషణాలతో పూడ్చకు, దాటేసి రాయి. సంపాదకులు ‘ఏళ్లు ఎక్కువైతే పాఠకుడు పారిపోతాడు’ అంటూ కొట్టేస్తారు. ఫొటో పెంచి వ్యాసం కోయడం వాళ్లకి అలవాటే. కొట్టేయడానికైనా ముందు నువ్వు రాసి ఉండాలిగా!

మ్యూజియంలో కుర్చీ కనబడగానే ‘ఇక్కడే కూర్చుని’ అనేశావు. ఆ కుర్చీ ఈ ఇంటిదేనా, తర్వాత ఎవరైనా తెచ్చిచ్చారా? రిజిస్టరు చూపించమని అడుగు. ఏ గోడ పాతది, ఏది మరమ్మతులో లేచింది, అదీ అడుగు.

ఇక 1881 డిసెంబర్ 11. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి, ఆ ఇంట్లో పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహం. నువ్వు ‘చారిత్రక ఘట్టం’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. పనివాళ్లు రామంటే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి వండారు. దాన్ని కొలువు. ఇత్తడి బిందెకి పది, పన్నెండు లీటర్లు వేసుకో. బిందె బరువూ కలిస్తే పదిహేను కిలోల దాకా తేలుతుంది. వంట, తాగడం, చేతులు, అంట్లు కలిపి మనిషికి పది లీటర్లనుకున్నా యాభై మందికి నలభై, యాభై బిందెలు. ఎంతమంది తిన్నారో కల్పించకు, ‘యాభై మందికైతే’ అనే రాయి. ఇంటి నుంచి రేవుకి గడియారం పెట్టుకుని నడువు. వచ్చేటప్పుడు నిండు బిందెతో మెట్లెక్కాలి, కాబట్టి పోయిన టైమునే రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. ఇప్పటి సిమెంటు మెట్లని అప్పటివనుకున్నా తప్పుతుంది. చెయ్యి మార్చుకోవడానికి ఎక్కడ ఆగావో గుర్తు పెట్టుకో. నీ మూడో పేరాలో గోడల్ని తీసేసి అది పెట్టు.

చివరి ఇల్లు నీ వ్యాసంలో లేనే లేదు. 1919 మే 27న ఆయన పోయింది మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గారింట్లో. సొంత ఆస్తి అప్పటికే తాను స్థాపించిన హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. ‘సొంతగూటికి చేరిన సంస్కర్త’ అని ముగించావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్.

పోటీకి పంపనా, కలంపేరు పెట్టుకోనా అని అడిగావు. ఆదివారం పొద్దున్నే రేవుకి వెళ్లిరా. బిందె మర్చిపోకు.