గడువు రోజే కట్టినా నీటి బిల్లులో లేట్ ఫీజు పడిందా?

గడువు రోజు రాత్రి బ్యాంకు యాప్‌లో కట్టి ఉంటే, చిక్కు అక్కడే వచ్చి ఉంటుంది. చాలా నగరాలు మీరు బటన్ నొక్కిన తేదీని కాకుండా, డబ్బు తమ ఖాతాలో జమైన తేదీని చూస్తాయి. మధ్యలో ఒకటి రెండు పనిదినాలు పోవచ్చు.

1. రసీదులో కట్టిన తేదీ, బిల్లు ఖాతాలో జమ తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

2. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోపంతో లేట్ ఫీజు వదిలేసి మిగతాది మాత్రమే కడతారు. కానీ చాలాచోట్ల కట్టిన డబ్బును ముందు పాత బకాయికి, ఫీజుకే సర్దుతారు. దాంతో ఈ నెల బిల్లులో కొంత మిగిలిపోయి, దానిమీద మళ్లీ ఫీజు పడుతుంది. కాబట్టి ముందు మొత్తం కట్టేయండి, లేదా ‘ఫీజుపై అభ్యంతరం ఉంది’ అని రాసిచ్చి, తేలేదాకా దాన్ని పక్కన పెట్టమనండి. నోటిమాట చాలదు.

3. ఇంతకుముందు ఆలస్యం లేకపోతే ఒకసారికి మాఫీ అడగండి. కొన్ని నగరాలు ఇస్తాయి, అడగనిదే మాత్రం ఇవ్వవు!

4. మాఫీ అయితే తర్వాతి బిల్లులో ఆ మొత్తం తగ్గిందో లేదో చూసుకోండి.